ఒమన్ చట్టంలో తీర్పుల బలం: తెలుగు లా విద్యార్థులకు ఉపాధి దారులు

ఒమన్ సివిల్ లావాదేవీల చట్టం 29/2013 నంబరు రాయల్ డిక్రీతో వచ్చింది. న్యాయమూర్తి ఏ వరుసలో వెతకాలో దాని మొదటి ఆర్టికల్ చెబుతుంది. ముందు చట్టంలో రాసి ఉన్నది చూడాలి. అక్కడ దొరక్కపోతే ఇస్లామిక్ ధర్మశాస్త్రమైన ఫిఖ్, ఆ తర్వాత షరియా సాధారణ సూత్రాలు, చివరగా ఆచారం. ఈ వరుసలో కోర్టు తీర్పు ఎక్కడా లేదు. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో లా చదివి మస్కట్‌లో ఉద్యోగం చూసుకునేవారు ముందుగా గమనించవలసింది దీన్నే.

భారతదేశంలో పద్ధతి వేరు. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయం దేశంలోని కోర్టులన్నిటికీ శిరోధార్యమని రాజ్యాంగం 141వ అధికరణం చెబుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మైనర్ చేసుకున్న ఒప్పందం ఏమవుతుందో తేటగా చెప్పలేదు. అది మొదటి నుంచీ చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. లా కళాశాలల్లో నేటికీ కాంట్రాక్టు పాఠం ఆ కేసు దాటకుండా సాగదు. అందుకే ఇక్కడ చదివినవారికి సమస్య రాగానే పాత తీర్పు కోసం వెతకడం అలవాటైపోతుంది. ఒమన్‌లో ముందు చట్టం తెరవాలి, తర్వాతే తీర్పుల దగ్గరికి వెళ్లాలి.

అలాగని అక్కడ తీర్పులకు విలువ లేదనుకుంటే పెద్ద పొరపాటు. న్యాయవ్యవస్థను 90/99 నంబరు డిక్రీ ప్రాథమిక కోర్టులు, అప్పీలు కోర్టులు, మస్కట్‌లోని సుప్రీంకోర్టు అనే మూడు అంచెల్లో నిలబెట్టింది. సుప్రీంకోర్టు సాక్ష్యాన్ని మళ్లీ మొదటి నుంచి విచారించదు. కింది కోర్టు చట్టాన్ని సరిగ్గా అన్వయించిందా అన్నదే చూస్తుంది. అలా చూసి తేల్చిన సూత్రాలను ఆ కోర్టు సాంకేతిక విభాగం సంపుటాలుగా కూర్చి ప్రచురిస్తుంది. ఒకసారి స్థిరపడిన సూత్రాన్ని ఒక ధర్మాసనం తనంత తానుగా పక్కన పెట్టదు, మార్చాలంటే విషయం పెద్ద ధర్మాసనం ముందుకు వెళ్లాలి. ఆ సూత్రానికి ఎదురు తీర్పు ఇస్తే పైన కొట్టేస్తారని కింది న్యాయమూర్తికీ తెలుసు. కాగితం మీద లేని బలం ఆచరణలో వచ్చేది ఇలాగే. ఒమన్ చట్టానికి మూలరూపం ఈజిప్టు న్యాయవేత్త అబ్దుల్ రజాక్ అల్ సన్హూరీ రూపొందించిన 1948 నాటి సివిల్ కోడ్ సంప్రదాయంలో ఉంది. కనుక ఈజిప్టు అత్యున్నత అప్పీలు కోర్టు అయిన కైరో కసేషన్ కోర్టు తీర్పులను చదవడమూ ఒమన్ న్యాయవాదులకు ఉపయోగపడుతుంది.

ఉద్యోగాలు ఎక్కువగా దొరికే నిర్మాణ రంగంలో ఈ సంగతి రోజూ ఎదురవుతుంది. పని ఆలస్యమైతే రోజుకు ఇంత అని కాంట్రాక్టులో ముందే రాసుకుంటారు. సైట్ మీద దాన్ని లేట్ పెనాల్టీ అంటారు. సివిల్ లావాదేవీల చట్టం ఆర్టికల్ 267 ప్రకారం నష్టపరిహారాన్ని ఇలా ముందుగా నిర్ణయించుకోవచ్చు. అయితే పక్షాల్లో ఎవరు అడిగినా, ఆ మొత్తాన్ని వాస్తవ నష్టానికి సమానం చేసే అధికారం కోర్టుకు ఉంది, ఆ అధికారాన్ని తొలగిస్తూ రాసుకున్న షరతు చెల్లదు. ఉదాహరణకు రోజుకు 500 రియాళ్ల చొప్పున 100 రోజుల ఆలస్యానికి యజమాని 50,000 రియాళ్లు పట్టుకున్నాడనుకుందాం. అసలు నష్టం 20,000 మాత్రమేనని కాంట్రాక్టరు రుజువు చేయగలిగితే లెక్క మారిపోతుంది. నష్టాన్ని ఎలా కొలవాలి, ఎవరు రుజువు చేయాలి, కోర్టు నియమించిన నిపుణుడి నివేదికకు ఎంత విలువ ఇవ్వాలి? వీటికి జవాబు ఆర్టికల్ ఒక్కదానిలో దొరకదు, తీర్పుల్లోనే వెతకాలి.

భారత కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఇందుకు దగ్గరగా ఉంటుంది కానీ ఒకటి కాదు. ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమేనని, దానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుందని 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు పద్ధతులూ తెలిసిన క్వాంటిటీ సర్వేయర్‌కు, కాంట్రాక్ట్స్ ఇంజినీరుకు కంపెనీలో విలువ ఎక్కువ. సివిల్ ఇంజినీరింగ్ చదివి ఈ వైపు వచ్చేవారికి కేసు పేర్లకన్నా ఎక్కువగా పనికొచ్చేది కాగితాల క్రమశిక్షణ. సైట్ డైరీ, గడువులోపు పంపిన నోటీసు, డ్రాయింగ్ ఆలస్యంగా అందిందని రాసిన ఉత్తరం ఫైలులో లేకపోతే ఎంత న్యాయమైన క్లెయిమ్ అయినా నిలవదు.

2021 అక్టోబరులో షహీన్ తుఫాను ఉత్తర బాతినా తీరాన్ని ముంచెత్తినప్పుడు మరో రకం ప్రశ్నలు వచ్చాయి. బాధ్యత నెరవేర్చడం అసాధ్యమే అయితే ఒమన్ చట్టం ఆర్టికల్ 172 ప్రకారం ఒప్పందం రద్దవుతుంది. అసాధ్యం కాకున్నా, ఊహించని సార్వత్రిక పరిస్థితుల వల్ల భారం దుర్భరమైతే దాన్ని సహేతుకమైన మేరకు తగ్గించవచ్చని ఆర్టికల్ 159 న్యాయమూర్తికి అధికారం ఇస్తుంది. భారత కాంట్రాక్టు చట్టం ఇలాంటి సాధారణ అధికారాన్ని కోర్టులకు ఇవ్వలేదు. 2007లో గోను, 2010లో ఫెట్ తుఫాన్లను చూసిన ఒమన్ తీరంలో తుఫానును ఊహించని సంఘటన అనవచ్చా? చట్టంలో ఉన్నది ఒక్క మాట. దాని కొలత కేసు కేసుకూ న్యాయమూర్తి చేతిలో ఉంటుంది. న్యాయ సలహాదారుకు పని పుట్టేది అక్కడే.

ఆస్తి విషయంలో విదేశీయులకు తలుపు కొద్దిగానే తెరుచుకుంది. 12/2006 నంబరు డిక్రీ ప్రకారం వారు సమగ్ర పర్యాటక సముదాయాల్లో ఇళ్లు కొనవచ్చు. మస్కట్‌లోని అల్ మౌజ్ అలాంటిదే. తెలుగువారికి ఎక్కువ పని పడేది మాత్రం సొంతూరి ఆస్తులతో. మస్కట్‌లో ఉన్న మనిషి గుంటూరులోని స్థలం అమ్మాలంటే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) పంపుతాడు. ఆ పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి. జీపీఏతో జరిపే అమ్మకం యాజమాన్యాన్ని బదిలీ చేయదని, రిజిస్టరైన సేల్ డీడ్ ఉండాలని సూరజ్ ల్యాంప్ కేసులో 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తన తరఫున సేల్ డీడ్ మీద సంతకం చేయడానికి ఒకరిని నియమించే నిజమైన జీపీఏకు ఆ తీర్పుతో ఇబ్బంది లేదు. ఈ తేడా తెలియక ఎంతోమంది కష్టార్జితాన్ని పోగొట్టుకున్నారు. వారసత్వ వాటాల విషయంలోనూ తీర్పులు తెలిసి ఉండాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు జన్మతః హక్కునిచ్చే సవరణను ఆంధ్రప్రదేశ్ 1986లోనే తెచ్చింది. 2005లో కేంద్ర చట్టం దాన్ని దేశమంతటికీ విస్తరించింది. తండ్రి ఆ సవరణ నాటికి జీవించి ఉండాలన్న నియమం లేదని 2020లో వినీతా శర్మ కేసు తేల్చింది. గల్ఫ్‌లోని తెలుగు కుటుంబాలకు సరిగ్గా ఇలాంటి సలహాయే కావాలి.

ఒమన్ కోర్టులో నిలబడి వాదించడం ప్రధానంగా ఆ దేశ న్యాయవాదుల పని. భారతీయ పట్టభద్రులకు కంపెనీల న్యాయ విభాగాల్లో కాంట్రాక్టుల రచన, నిర్మాణ క్లెయిముల సలహా, మధ్యవర్తిత్వ బృందాల్లో సహాయకుల పని దొరుకుతాయి. ఒమన్ మధ్యవర్తిత్వ చట్టం 1997లో వచ్చింది. విదేశీ అవార్డుల అమలుకు సంబంధించిన న్యూయార్క్ ఒప్పందంలో ఆ దేశం 1999 నుంచి ఉంది. 2018లో ఒమన్ కమర్షియల్ ఆర్బిట్రేషన్ సెంటర్‌ను స్థాపించారు. మానవ వనరుల విభాగాలకు 53/2023 నంబరు కార్మిక చట్టం తెలిసినవారు కావాలి. ఆ చట్టం కింద సర్వీసు ముగింపు గ్రాట్యుటీ ఏడాదికి ఒక నెల మూలవేతనం.

చదువు విషయానికొస్తే, ఇంటర్ తర్వాత క్లాట్ రాసి హైదరాబాద్‌లోని నల్సార్‌లో, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల కోర్సులో చేరవచ్చు. డిగ్రీ చేసినవారికి లాసెట్ ద్వారా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఉంది. దీనికి అరబిక్ తోడు కావాలి. హైదరాబాద్‌లోనే ఇఫ్లూ, ఉస్మానియా, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయాల్లో ఆ భాష నేర్పుతారు. ఇంగ్లిష్ అనువాదంలో డిక్రీలు చదివి సరిపెట్టుకున్నవారు సలహాదారుల సహాయకులుగానే మిగులుతారు. ఈ దారి ఎంచుకున్న విద్యార్థి కాంట్రాక్టు చట్టం మొదలుపెట్టిన సెమిస్టర్‌లోనే అరబిక్ అక్షరాలూ మొదలుపెట్టాలి, ఎందుకంటే ఒమన్ కోర్టుల భాష అరబిక్, సుప్రీంకోర్టు సూత్రాల సంపుటాలు వెలువడేదీ ఆ భాషలోనే.