అడవి బాటయు పొలిమేర రాయియు

(చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 35:1–5, లేవీయకాండము 25:34, ద్వితీయోపదేశకాండము 23:25, మత్తయి 12:1–2)

ఈ నెల మనము భూమిని గూర్చి ధ్యానింతము. ఒకని పట్టా భూమిని గూర్చి కాదు, ఎవని పేరను లేకయే అందరికిని అక్కరకు వచ్చు భూమిని గూర్చి.

లేవీయులకు పట్టణములు ఇచ్చినప్పుడు, ప్రతి పట్టణము చుట్టును పశువుల మేతకు కొంత నేల కొలిచి విడువవలెనని దేవుడు మోషేకు సెలవిచ్చెను. కొలత సహా చెప్పబడినది, మూరలలో. తన యిల్లు అమ్ముకొను లేవీయుడు సయితము ఆ మేత నేలను అమ్మరాదు. ఎందుకనగా అది అతని ఒక్కనిది కాదు. మన తెలంగాణ పల్లెలలో దీనినే బంచరాయి యందుము.

చందుర్తి, రుద్రంగి ప్రాంతములు 2016 వరకు కరీంనగరు జిల్లాలోనివి. ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనివి. ఇచ్చట గుట్టలును అడవియు ఉన్నవి. ఎండకాలమున తునికాకు తెంపుటకు తెల్లవారకముందే స్త్రీలు అడవికి పోవుదురు. ఆ యాకుతోనే సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వైపు ఎన్నో యిండ్లలో బీడీలు చుట్టి బ్రదుకుచున్నారు. (బీడీ త్రాగుటను గూర్చి వేరొక సంచికలో వ్రాయుదుము; ఇక్కడి మాట కూలిని గూర్చినది.) ఈ స్త్రీలకు అడవి యెంత అవసరమో, అడవికి పోవు బాటయు అంతే అవసరము.

ఆ బాట యెట్లు పోవును? ఎవరును ఒక్క దినమున మూయరు. ఒడ్డు మీది రైతు ఏటికొక చాలు లోనికి దున్నును. అవతలి వాడును అట్లే చేయును. పది యేండ్లకు బండ్లబాట కాలిబాటయై, ఆపైన చేనై పోవును. అప్పుడు ఆకు మూట నెత్తిన పెట్టుకొన్న విధవరాలు చుట్టు తిరిగి పోవలెను. సమాధుల తోటకు పోవు బాటయు కొన్ని ఊళ్లలో ఇట్లే సన్నగిల్లినది. పొలిమేర రాయిని జరుపువాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండము 27:17 చెప్పుచున్నది. రాయిని చేతితో ఎత్తలేదు, నాగలితో జరిపితిమి అనుట జవాబు కానేరదు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండు మనలోను ఆ నాగలి పట్టినవారు లేకపోలేదు.

ఇక మత్తయి 12వ అధ్యాయము చూడుడి. యేసు శిష్యులతో పంటచేలలో పడి నడచెను. ఆకలిగొన్న శిష్యులు వెన్నులు త్రుంచిరి. పరిసయ్యులు విశ్రాంతిదినమును గూర్చి తప్పుపట్టిరే గాని, ఈ త్రోవను ఏల వచ్చితిరని అడుగలేదు, వెన్నులు దొంగిలితిరనియు అనలేదు. ఏలయనగా ధర్మశాస్త్రము పొరుగువాని చేనిలో చేతితో త్రుంచుకొననిచ్చెను. కొడవలి వేయుట మాత్రము కూడదనెను. చేయి ఆకలికి, కొడవలి దురాశకు.

అడవి విషయములోను ఈ భేదమే. 1992లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఊరివారిని చేర్చి వన సంరక్షణ సమితులను ఏర్పరచ నారంభించెను. ఊరు అడవిని కాయవలెను, అడవి ఫలసాయము ఊరికి రావలెను. సమితి మెలకువగా నున్నచోట నరికిన మోళ్లనుండి టేకు తిరిగి చిగిర్చెను. కూటములు నిలిచిపోయినచోట గొడ్డలి మరల వచ్చెను. నిప్పు సంగతియు ఉన్నది. ఇప్పపువ్వు ఏరుటకు చెట్టు క్రింది ఆకులను తగులబెట్టి, ఆర్పకయే వచ్చెదరు. ఆ నిప్పుకు లేత మొక్కలన్నియు మాడిపోవును. చీపురుతో ఊడ్చిన చాలదా?

2006 నాటి అటవీ హక్కుల చట్టము తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో పేరుపెట్టి చేర్చినది. అడవిపై ఆధారపడి తరతరములుగా ఉన్నవారికి దానిపై హక్కును, తాము కాపాడుచు వచ్చిన అడవిని కాపాడుకొను హక్కును ఒప్పుకొనినది. ఊరికి కావలసిన రోడ్డు వంటి పనికి గ్రామసభ సిఫారసు చేసినయెడల, ఒక హెక్టారుకు తక్కువైన అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండ, ఇయ్యవచ్చును. కనుక గ్రామసభ జరుగు దినమున మనవారు, ముఖ్యముగా ఆకు తెంపు స్త్రీలు, ఇంట ఉండిపోరాదు.

తొలకరికి ముందే, నాగళ్లు కట్టకమునుపు, సంఘ పెద్దలు ఊరి నక్ష తెప్పించి, అడవికిని సమాధుల తోటకును పోవు బాటలు అందులో ఎచ్చట గీయబడియున్నవో చూచి, ఇరుప్రక్కల రైతులను పిలిచి వారితో కలిసి ఆ బాట పొడుగునా నడువవలెనని కోరుచున్నాము.