కాగితపు పటం – ఉపగ్రహ సంకేతం

నేలమీద నడిచేవానికి బాట కనబడుతుంది. సముద్రంమీద బాట లేదు. నావికుడు తన బాటను తానే ముందుగా కాగితంమీద గీసుకొనవలసి ఉంటుంది. అందుకొరకు ఏర్పడినదే సముద్ర పటం. తీరరేఖ, నీటి లోతు, అడుగున ఉన్నది ఇసుకో బురదో రాయో, దీపస్తంభాల స్థానాలు, మునిగిపోయిన ఓడల శిథిలాలు మొదలైనవన్నీ అందులో గుర్తింపబడి ఉంటాయి. మన దేశపు తీరజలాల పటాలను భారత నౌకాదళానికి చెందిన జాతీయ హైడ్రోగ్రాఫిక్ కార్యాలయం తయారుచేస్తున్నది. ఆ కార్యాలయం ఉన్నది సముద్రతీరాన కాదు. హిమాలయాల పాదాల చెంతనున్న డెహ్రాడూన్‌లో!

ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ఈ పటానికి ఒక కొత్త తోడు లభించింది. అదే జి.పి.ఎస్. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న ఉపగ్రహాల సంకేతాలను గ్రహించి, పడవ ఉన్న చోటు యొక్క అక్షాంశ రేఖాంశాలను ఈ పరికరం క్షణాలలో తెలుపుతుంది. ఆదిలో సామాన్య ప్రజలకు అందే సంకేతాలలో అమెరికా ప్రభుత్వం కావాలనే కొంత దోషాన్ని కలిపేది. 2000 సంవత్సరం మే నెలలో ఆ పద్ధతిని విరమించిన తరువాత, వంద మీటర్ల వరకు ఉండే తేడా కొద్ది మీటర్లకు తగ్గిపోయింది. పటాన్ని కూడ తెరమీదనే చూపి, దానిపై పడవ గుర్తును కదిలించే చార్ట్‌ప్లాటర్లు చిన్న తెరచాప పడవలలోనికి సైతం ప్రవేశించాయి. ఇక కాగితంతో పని ఏమున్నదని పలువురికి అనిపించడం సహజమే.

2014 నవంబరు 29వ తేదీ రాత్రి హిందూ మహాసముద్రంలో జరిగిన ఒక సంఘటన ఆ ప్రశ్నకు సమాధానం చెప్పింది. వోల్వో ఓషన్ రేస్ అనే ప్రపంచ ప్రదక్షిణ పోటీలో పాల్గొంటున్న ‘వెస్టాస్ విండ్’ అనే తెరచాప పడవ కేప్‌టౌన్ నుండి అబూధాబికి పయనిస్తున్నది. పొడవు 65 అడుగులు. అందులో ఉన్నవారు తొమ్మండుగురు. తుఫాను సూచనల వలన నిర్వాహకులు పందెపు హద్దులను మార్చగా, పడవ వెళ్ళే దారి మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కారజోస్ అనే పగడపు దిబ్బల మీదుగా పడింది. పడవలోని తెరపై ఆ ప్రాంతం దాదాపు 40 మీటర్ల లోతు గల నీరుగా కనిపించింది. ఆ లోతు ఏ పడవకైనా చాలును. కాని అక్కడ ఉన్నది నీటిపైకి పొడుచుకొని వచ్చిన దిబ్బ. గంటకు 35 కిలోమీటర్ల వేగంతో పోతున్న పడవ చీకటిలో దానిని ఢీకొని, చుక్కానులు విరిగి, అలల తాకిడికి గురి అయింది. తెల్లవారకముందే నావికులు పడవను విడిచి, మోకాలిలోతు నీటిలో నడిచి దిబ్బ పొడిభాగానికి చేరుకున్నారు. పగటి వెలుగు వచ్చిన పిమ్మట వారినందరిని రక్షించారు. ఒక్క ప్రాణమైనా పోకపోవడం అదృష్టమే.

ఎలక్ట్రానిక్ పటాలను తగిన విధంగా ఉపయోగించకపోవడం, ఆ పటాలలోని కొన్ని లోపాలు ఈ ప్రమాదానికి కారణాలని 2015లో వెలువడిన స్వతంత్ర విచారణ నివేదిక తెలిపింది. ఇందులోని కిటుకును గ్రహించడం అవసరం. చేతి వెడల్పు తెరపై వేల కిలోమీటర్ల సముద్రాన్ని చూపేటప్పుడు, గుర్తులు కిక్కిరిసిపోకుండ యంత్రం కొన్నింటిని దాచివేస్తుంది. చిత్రాన్ని పెద్దది చేస్తే తప్ప అవి బయటపడవు. దిబ్బ పటంలో లేకపోలేదు. చూసేవారి కంటికి అది అందలేదు. కాగితపు పటంలో ఈ దాపరికం లేదు. బల్లమీద పరచిన పెద్ద కాగితంమీద, ఎక్కడ ప్రమాదముందో నిపుణుడైన పటకర్త ముందే ఆలోచించి దానిని ముద్రించి ఉంచుతాడు.

అయితే కాగితాన్ని గుడ్డిగా నమ్మరాదు. అనేక పటాలలోని లోతులు సీసపు గుండు కట్టిన తాడును నీటిలోనికి జారవిడిచి కొలిచిన కాలం నాటివి. ఒక కొలతకూ మరొక కొలతకూ నడుమనున్న రాయి ఎవరికీ తెలియకుండ మిగిలిపోయి ఉండవచ్చు. పైగా ఆ పాత కొలతలే తెరమీది పటంలోనికి ఎక్కినవి. పడవ స్థానాన్ని జి.పి.ఎస్. కొద్ది మీటర్ల తేడాలో చెప్పగలదు. కాని పటంలోని రాయి అసలు చోటుకు వందల మీటర్ల దూరాన గుర్తింపబడి ఉంటే, ఆ సూక్ష్మత్వం ఎందుకు కొరగాదు. తెరమీది గీత స్పష్టంగా ఉండుటచే అది సత్యమని భ్రమపడడం మానవ స్వభావం. కొత్తగా కనుగొన్న ప్రమాదాలను తెలిపే నావికుల ప్రకటనలు వెలువడినప్పుడెల్లా కాగితపు పటాన్ని చేతితో సరిదిద్దుకొనవలసిన శ్రమ కూడ ఉన్నది. ఆ శ్రమ తీసుకోనివానికి కాగితం ఉన్నా లేనట్లే.

కనుక అనుభవజ్ఞులు రెంటినీ జోడిస్తారు. బయలుదేరుటకు ముందే పెద్ద కాగితంమీద మొత్తం దారిని పరిశీలించి, రాళ్ళను, దిబ్బలను పెన్సిలుతో చుట్టి, ఆ పిమ్మట యంత్రంలో దారిని నమోదు చేస్తారు. తెరచాప పడవ గాలికి ఎదురుగా నేరుగా పోలేదు. అటూ ఇటూ వంకరగా సాగవలసిందే. ఆ వంకరలలో పడవ ఎంతవరకు పక్కకు పోవచ్చునో కాగితంమీద సులభంగా తెలుస్తుంది. ప్రయాణంలో గంటకొకసారి జి.పి.ఎస్. చూపిన స్థానాన్ని దినచర్య పుస్తకంలో వ్రాసి, కాగితంమీద చుక్క పెట్టి సమయం వేస్తారు. పిడుగు పడినా, బ్యాటరీ ఆరిపోయినా ఆ చివరి చుక్క మిగులుతుంది. పడవ 6 నాట్ల వేగంతో రెండు గంటలు పోయినదనుకొంటే 12 నాటికల్ మైళ్ళు గడచినట్లు. ఆ దూరాన్ని పటం పక్క అంచున కొలవాలి. అక్కడి ఒక నిమిషపు అక్షాంశం ఒక నాటికల్ మైలుకు, అనగా 1,852 మీటర్లకు సమానం. కింది అంచున ఉండే రేఖాంశపు నిమిషం మన తీరంవద్ద అంతకంటె చిన్నది కనుక దానితో కొలిస్తే లెక్క తప్పుతుంది.

తీరం కనుచూపులో ఉంటే మరొక పరీక్ష ఉన్నది. విశాఖపట్నం వద్ద డాల్ఫిన్ నోస్ కొండమీది దీపస్తంభం ఏ దిశలో ఉన్నదో దిక్సూచితో చూసి, అయస్కాంత భేదాన్ని సవరించి, ఆ రేఖను పటంమీద గీస్తారు. యంత్రం చెప్పిన చుక్క ఆ రేఖమీద పడితే ఊరట. పడకపోతే రెంటిలో ఏదో ఒకటి తప్పు చెప్పుచున్నదన్నమాట. అది తేలేవరకు పడవ వేగం తగ్గించడమే మంచిది.

పరికరాలను పూర్తిగా పక్కన పెట్టిన పోటీ కూడ ఉన్నది. భారత నౌకాదళానికి చెందిన అభిలాష్ టోమీ 2018లో గోల్డెన్ గ్లోబ్ రేస్‌లో పాల్గొన్నాడు. జి.పి.ఎస్. వాడరాదు, సెక్స్‌టెంట్, కాగితపు పటాలే ఆధారం. ఆ సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రపు తుఫానులో పడవ కొయ్య విరిగి, వెన్నెముక దెబ్బతిని అతడు కదలలేకపోయాడు. ఆ స్థితిలో అతని జాడను లోకానికి తెలిపినది ఉపగ్రహ సాధనమే. దాని సాయంతోనే ఫ్రెంచి నౌక అతనిని చేరగలిగింది. కోలుకున్న తరువాత మరల అదే పోటీలో ప్రవేశించి, 2023లో రెండవ స్థానం పొందాడు.

కాగితానికి రోజులు దగ్గరపడుచున్నవని కూడ చెప్పవలసి ఉన్నది. అమెరికా ప్రభుత్వ సంస్థ తన సాంప్రదాయిక కాగితపు పటాలను 2025 ప్రారంభం నాటికి ఉపసంహరించింది. 2026 నాటికి మానివేయదలచిన బ్రిటన్, నావికుల కోరికపై కనీసం 2030 వరకు గడువు పొడిగించింది. ఎలక్ట్రానిక్ సమాచారం నుండే తమకు కావలసిన ప్రాంతాన్ని, కావలసిన పరిమాణంలో కాగితంమీద ముద్రించుకొనే వీలును మాత్రం అమెరికా సంస్థ చిన్న పడవలవారికి మిగిల్చింది.