భీమిలి తీరమున అతిథిగృహము

ప్రశ్న: భీమునిపట్నమున సముద్రమునకు చేరువగా మాకొక పిత్రార్జితమైన ఇల్లు కలదు. విహారయాత్రికులకు దినవారీ అద్దె కిచ్చిన గిట్టుబాటగునా?

జవాబు: అగును, కాని శనివారపు రద్దీని చూచి సంవత్సరమంతటికిని లెక్క కట్టరాదు. విశాఖనుండి వచ్చు జనము వారాంతములందును, మార్గశిరము మొదలు సంక్రాంతివరకును దండిగా నుండినను, తుపాను హెచ్చరిక వెలువడిననాడు బుకింగులన్నియు రద్దగును. అంతకంటె నిత్యశత్రువు ఉప్పుగాలి: కిటికీ చువ్వలను, ఏసీ యంత్రపు వెలుపలి భాగమును, తుదకు తలుపు బందులను సైతము అది తినివేయుచుండును గనుక, రాబడిలో కొంత మరమ్మతులకై ముందే తీసియుంచుడు, ఈ పద్దును మరచినవారే లాభము వచ్చినదని తొందరపడి సంతోషింతురు.

ఇక ఆదాయపు పన్ను లెక్కలో, ఇంటిని కేవలము అద్దెకిచ్చినచో ఆ రాబడి గృహాదాయముగా పరిగణింపబడి, పురపాలక పన్ను పోగా మిగిలినదానిలో నూటికి 30 వంతులు మినహాయింపుగా లభించును. భోజనము, పరిచర్య మొదలగు సేవలు చేర్చితిరేని వ్యాపారాదాయమగుటకే అవకాశ మెక్కువ, అప్పుడు ప్రతి ఖర్చునకును రసీదు ఉండవలెను. విదేశీయులు బసచేసినచో 24 గంటలలోపల వారి వివరములను అధికారులకు దాఖలు చేయుట విధి. సముద్రపు పోటుగీటునుండి 500 మీటర్లవరకు తీరప్రాంత నియంత్రణ మండలము వర్తించును గావున, అనుమతి పొందక మేడమీద కొత్తగది లేపవలదు.