ఆకాశంలో గడియారాలు, కాక దుకాణంలో టైము

మా ఊరు ఇస్లాపూర్. నాందేడ్ జిల్లా, కిన్వట్ తాలూకా. సహస్రకుండ్ జలపాతం చూడ్డానికి వచ్చినవాళ్లకి ఈ పేరు తెలిసుంటుంది. మా ఇంట్లో నాన్న వైపు మరాఠీ, అమ్మ వైపు తెలుగు. "కాక" అనే మాటకి మాత్రం అనువాదం అక్కర్లేదు, రెండువైపులా చిన్నాన్నే. ఆ కాకకి నాలుగు కంప్యూటర్ల దుకాణం ఉంది. ఫారాలు నింపడం, జిరాక్సులు, టికెట్లు.

కిందటేడు మా గల్లీ చెల్లె ఒకతి స్కాలర్‌షిప్ ఫారం ఆఖరి రోజు రాత్రి అక్కడే నింపింది. కంప్యూటర్లో టైము 11:54. సబ్మిట్ నొక్కితే గడువు అయిపోయిందని వచ్చింది. ఫోన్ చూస్తే 12:03. ఒక సంవత్సరం డబ్బులు పోయినట్టే. చెల్లె ఏమీ అనలేదు, కాక మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు.

కారణం చిన్నది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది నీరసపడింది. ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకునే సెట్టింగునేమో ఎవరో ఆపేశారు. నిజం చెప్పాలంటే బ్యాటరీ మార్చి, ఆ సెట్టింగు ఆన్ చేస్తే చాలావరకు పని అయిపోయేది. కాక మొండి. "నెట్ ఉన్నా లేకున్నా మన టైము మన దగ్గరే ఉండాలి" అన్నాడు. సెలవుల్లో నేనూ కూర్చున్నా.

జీపీఎస్ అంటే దారి చూపించేది అనుకుంటాం కదా. అసలు అది గడియారాల గుంపు. సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరిగే ఒక్కో ఉపగ్రహంలో పరమాణు గడియారాలుంటాయి. అవి "ఇప్పుడు ఇంత టైము" అని చెప్తూనే ఉంటాయి. కింద ఉన్న రిసీవర్‌కి తెలియనివి నాలుగు: తానున్న చోటు గురించి మూడు, తన గడియారంలో తప్పు ఒకటి. అందుకే నాలుగు ఉపగ్రహాలు కనపడాలి. చోటు తెలిస్తే టైమూ తెలిసిపోతుందన్నమాట.

మేం కొన్నవి రెండు: ఒక రాస్‌బెర్రీ పై, ఒక నియో-6ఎం జీపీఎస్ బోర్డు. బోర్డు కొనేటప్పుడు పీపీఎస్ అనే పిన్ను బయటికి ఉందా అని చూస్కోవాలి. చవక బోర్డుల్లో చాలావాటికి ఉండదు. మేం మొదటిసారి అలాంటిదే తెచ్చి వాపసు ఇచ్చాం.

ఆ పిన్ను ఎందుకంటే, రిసీవర్ టైముని రెండు రకాలుగా చెప్తుంది. ఒకటి వాక్యం: తేదీ, గంట, నిమిషం, సెకను. ఇది సీరియల్ తీగ మీద సెకనుకి 9600 బిట్ల వేగంతో, అంటే 960 అక్షరాల చొప్పున వస్తుంది. 70 అక్షరాల వాక్యం పూర్తవడానికే 0.07 సెకను పడుతుంది, అంతకుముందు రిసీవర్ లెక్కలకి కొంత. కాబట్టి వాక్యం నిజమే చెప్తుంది కానీ ఆలస్యంగా. రెండోది దెబ్బ: ప్రతి సెకను మొదలయ్యే క్షణంలో పీపీఎస్ పిన్ను మీద ఒక్క పల్స్. అది ఖచ్చితం, కానీ అది ఏ సెకనో చెప్పదు. రేడియోలో వార్తల ముందు బీప్ వస్తుంది చూడండి, ఆ తర్వాత సమయం ఎంతో చెప్తారు. రెండూ కలిస్తేనే మనం చేతి గడియారం దిద్దుకుంటాం. ఇదీ అంతే.

కలిపే పని క్రోనీ అనే ప్రోగ్రాంది. జీపీఎస్‌డీ వాక్యాన్ని చదివి దానికి అందిస్తుంది. దాని ఫైల్లో వాక్యానికి ఒక వరుస, పల్స్‌కి ఒక వరుస రాశాం. వాక్యాన్ని నమ్మి నేరుగా గడియారం దిద్దొద్దని, పల్స్‌ని దానికి ముడివెయ్యమని చెప్పాలి. వాక్యం ఎంత ఆలస్యమో కూడా రాయాలి. ఒక రోజంతా ఇంటర్నెట్ టైముతో పోల్చి చూస్తే మాకు 0.13 సెకను తేలింది. ఈ తప్పు అర సెకను దాటితే పల్స్ పక్క సెకనుకి అంటుకుంటుంది, జాగ్రత్త.

ఇంకో చోట భయపడ్డాం. మొదటి రోజు ఆన్ చేయగానే మూడు సెకన్లు ముందుంది! జీపీఎస్ కాలం 1980 జనవరి 6న మొదలై లీపు సెకన్లు కలపకుండా నడుస్తుంది. ప్రపంచ కాలానికి అప్పట్నుంచి 18 కలిశాయి. ఆ తేడా ఎంతో ఉపగ్రహమే చెప్తుంది, కానీ దాని సందేశం మొత్తం రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. అంతవరకు రిసీవర్ తన పాత లెక్కే వాడుతుంది. చాయ్ తాగొచ్చేసరికి అదే సర్దుకుంది.

యాంటెన్నా సంగతి వేరే చెప్పక్కర్లేదు. రేకుల కింద పెడితే ఒక్క ఉపగ్రహమూ దొరకలేదు. డాబా గోడ మీదికి మార్చాం.

చివరగా దుకాణంలోని నాలుగు కంప్యూటర్లలో ఇంటర్నెట్ టైము అన్న చోట పై చిరునామా రాశాం. పై వైపు క్రోనీలో లోపలి నెట్‌వర్క్‌కి అనుమతి ఇచ్చి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 తెరిచాం. వాటి మధ్య మాట్లాడుకునే పద్ధతి ఎన్‌టీపీ, డేవిడ్ మిల్స్ అనే ఆయన రూపొందించింది. ప్రశ్న వెళ్లి జవాబు వచ్చేందుకు పట్టిన కాలంలో సగం లెక్కగట్టి దిద్దుకుంటుంది.

ఇదంతా చూసి అమ్మమ్మ అడిగింది: "మరి మన ఊరి పొద్దుకి అది సరిపోతుందా?" సరిపోదు. మన దేశ కాలం 82.5 డిగ్రీల రేఖది, ఇస్లాపూర్ సుమారు 78 దగ్గర. డిగ్రీకి నాలుగు నిమిషాలు. మా సూర్యుడు గడియారం కంటే సుమారు 18 నిమిషాలు వెనకే ఉంటాడు. అమ్మమ్మ లెక్కలో ముక్కాలు గడియ.

ఈ ఏడు ఆ చెల్లె మళ్లీ ఫారం నింపింది. నాలుగు రోజుల ముందే వచ్చింది. అయినా సబ్మిట్ నొక్కేముందు తలెత్తి మూలనున్న టైము చూసింది, తర్వాత కాక ముఖం చూసింది.