సౌరఫలకములు – గాలివానల నుండి రక్షణ

సమస్త జీవకోటికి ఆధారమైన సూర్యుడు నేడు మన డాబాలపై విద్యుత్తును కూడ పండించుచున్నాడు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము కోటి గృహములను ఉద్దేశించి పి.ఎం. సూర్యఘర్ పథకమును ప్రారంభించినది. నాటి నుండి మధ్యతరగతి ఇండ్లపై కూడ సౌరఫలకములు విరివిగా కనిపించుచున్నవి. అయితే ఎండనిచ్చు ఆకాశమే ఈదురుగాలిని, వడగళ్ళను, పిడుగులను కూడ ఇచ్చును. ఇరువది అయిదేండ్లు మన్నవలసిన ఫలకమును పాడుచేయుటకు అరగంట గాలివాన చాలును. కావున వానిని కాపాడుకొను విధానమును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

గాలి

మన ఎర్రమంజిల్‌నే ఉదాహరణముగా తీసికొందము. నవాబు ఫఖ్రుల్ ముల్క్ ఇచ్చట గుట్టపై కట్టించిన మహలునకు ఇరమ్ మంజిల్ అని పేరు. ఇరమ్ అనగా స్వర్గోద్యానము. తెలుగువారి నోట అది ఎర్రమంజిల్ అయినది. పేరు ఏ భాషదైనను స్థలము ఎత్తైనది. ఎత్తైన చోట గాలి వేగము హెచ్చు. అందువలననే కట్టడములపై గాలి బలమును నిర్ణయించు భారత ప్రమాణము, ఐ.ఎస్. 875 మూడవ భాగము, గుట్టలకు ప్రత్యేక గుణకమును చేర్చినది.

ఆ ప్రమాణము హైదరాబాదునకు నిర్దేశించిన మూల వేగము సెకనుకు 44 మీటర్లు, అనగా గంటకు సుమారు 158 కిలోమీటర్లు. వేగమును వర్గము చేసి 0.6తో గుణించినచో చదరపు మీటరుపై గాలి పీడనము న్యూటన్లలో వచ్చును. 44 వర్గము 1,936. గుణించగా సుమారు 1,160 న్యూటన్లు. రెండు చదరపు మీటర్ల ఫలకముపై ఇది దాదాపు 235 కిలోల బరువుతో సమానము. ఫలకము బరువు మాత్రము ఇరువది, ఇరువది అయిదు కిలోలే! కట్టడము ఎత్తును, ఫలకము వాలును బట్టి ఈ అంకె మారును. డాబా అంచులలోను, మూలలలోను గాలి పైకి లాగు శక్తి మరింత హెచ్చు. వేగము రెట్టింపైనచో బలము నాలుగు రెట్లగునని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

స్లాబునకు రంధ్రము వేసినచో వాన కారునను భయముతో కొందరు సిమెంటు దిమ్మెలను ఊరక పేర్చి, వానిపై చట్రమును నిలుపుదురు. దిమ్మెల బరువు లెక్కకు సరిపోయినచో దోషము లేదు. లెక్కయే లేనిచో ఫలకము గాలిపటమగును. లోహపు లంగర్లతో స్లాబునకు బిగించి, ఆ చోట నీరు దిగకుండ పూత పూయించుట మేలు. చట్రము తుప్పు పట్టని పూత గల ఇనుముతో ఉండవలెను. ఏటేట వేసవి జల్లులకు ముందే నట్టులు, బిగింపులు పరీక్షింపవలెను. అంచునకు దూరముగా అమర్చవలెను.

ఇది సొమ్ముకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2019 ఏప్రిల్ 22న వీచిన గాలివానకు లాల్‌బహదూర్ స్టేడియములోని దీపస్తంభము కూలి ఒకరు మరణించిరి. డాబాపై మనము సరిగా బిగింపని ఫలకము వీధిలో పోవు నిరపరాధి తలపై పడగలదు.

వడగళ్ళు

ఫలకముల నాణ్యతా పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచు గుండ్లను సెకనుకు 23 మీటర్ల వేగముతో 11 చోట్ల కొట్టి చూతురు. వడగల్లు వ్యాసము రెట్టింపైనచో బరువు ఎనిమిది రెట్లగును. పడు వేగము కూడ పెరుగును. దెబ్బ శక్తి సుమారు పదునారు రెట్లగును. కావున చిన్న గుండ్ల పరీక్షలో గెలిచిన ఫలకము పెద్ద వడగళ్ళకు ఓడిపోవచ్చును. 2019 మేలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మిడ్‌వే సౌరకేంద్రములో వడగళ్ళ వలన నాలుగు లక్షలకు పైగా ఫలకములు చెడి, సుమారు ఏడు కోట్ల డాలర్ల నష్టము కలిగినది. మనకును ఈ ముప్పు దూరము కాదు. 2023 మార్చి 16న వికారాబాదు జిల్లా మర్పల్లి ప్రాంతమున వడగళ్ళు నేలను తెల్లగా కప్పివేసినవి.

సూర్యునితో పాటు తిరుగు ఫలకములను వడగళ్ళ వేళ నిటారుగా వంచుదురు. 60 డిగ్రీల వాలులో, నిలువుగా పడు వడగల్లు దెబ్బ శక్తి నాలుగవ వంతునకు తగ్గును. మన డాబాలపై ఫలకములు కదలవు. కావున మన రక్షణ అంతయు కొనునాడే ఉన్నది: గాజు మందము ఎంత, గట్టిపరచినదా, ఎంత పరిమాణపు గుండ్లతో పరీక్షించిరి అని అడుగవలెను. గాలివాన వచ్చుచుండగా టార్పాలిన్ కప్పుటకు మేడనెక్కరాదు. టార్పాలిన్ తెరచాపవలె గాలిని పట్టును. ఎక్కినవానికి పిడుగు భయమును కలదు.

పిడుగు, వరద

ఫలకముల చట్రములన్నిటిని కలిపి ఎర్తింగ్ చేయవలెను. ఇన్వర్టరునకు ఇరువైపుల హెచ్చు వోల్టేజి నిరోధకములు ఉండవలెను. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టికి నగరమున అనేక సెల్లార్లు నీట మునిగినవి. కావున ఇన్వర్టరును సెల్లారులో పెట్టరాదు.

వాన వెలసిన తరువాత పగిలిన ఫలకమును చేతితో తాకరాదు. వీధిలో కరెంటు లేకున్నను, పగటివేళ ఫలకములు విద్యుత్తును పుట్టించుచునే ఉండును. వరుసగా కలిపిన ఫలకముల తీగలలో వందల వోల్టులు ఉండవచ్చును. నిపుణుని పిలిపింపవలెను. గాజు పగులకున్నను లోపలి ఘటములు సన్నగా చిట్లవచ్చును. కావున తదుపరి దినముల ఉత్పత్తిని పూర్వపు అంకెలతో పోల్చి చూడవలెను. అమర్చిననాటి ఛాయాచిత్రములు, బిల్లులు, ఫలకముల క్రమసంఖ్యలు భద్రపరచినచో బీమా పొందుట సులభమగును.

ముగింపు

కళాశాలలపై ఫలకములు అమర్చునపుడు వాని నీడన వందలాది పిల్లలు తిరుగుదురు. కావున కార్యవర్గ సభ్యులు ఒప్పందముపై సంతకము చేయుటకు పూర్వము గుత్తేదారుని నాలుగు అడుగవలెను: గాలి లెక్క ఏది? స్లాబు బలము ఎవరు పరీక్షించిరి? వడగళ్ళ పరీక్షాపత్రము ఏది? ఏటేట బిగింపులు ఎవరు చూతురు? ఇందు మొదటి లెక్కను సరిచూచుటకు మన భౌతికశాస్త్ర విద్యార్థుల నోటుపుస్తకము చాలును. వారి చేతనే ఆ లెక్క వేయించినచో చదువునకు చదువు, రక్షణకు రక్షణ సమకూరునని మా విశ్వాసము.