ఎర్ర గొంగళిపురుగు

ముంగారు వాన గట్టిగా కురిసిన పిమ్మట, ప్రొద్దు గ్రుంకిన వేళ, చేల దాపున నున్న ఇండ్ల దీపముల చుట్టును తెల్లని రెక్కలపురుగులు ముసరుటను మన విద్యార్థులలో పల్లెలనుండి వచ్చువారు చూచియే యుందురు. వాని ముందురెక్కలపై గోధుమవన్నె చారలు, అంచున పసుపుపచ్చని గీత, వెనుకరెక్కలపై నల్లని చుక్కలు ఉండును. చూపునకు ముచ్చటైన యీ ప్రాణియే వేరుశనగ పైరును మేయు ఎర్ర గొంగళిపురుగునకు తల్లి. శాస్త్రజ్ఞులు దీనికిడిన పేరు ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా.

ఐరోపాఖండమున మఱియొక రెక్కలపురుగు కలదు. సంధ్యవేళ దాని మగపురుగులు గడ్డిపై తెల్లగా ఊగుచు నెగురుటచే అచ్చటివారు దానిని దయ్యపుపురుగు అందురు. దాని పిల్ల మట్టిలో దాగి వేళ్లను తినును. మన పురుగు ఆ కుటుంబమునకు చెందదు. అయినను మట్టిలో దాగుటయందు దానికి తీసిపోదు.

తల్లిపురుగు ఆకుల అడుగున గుంపులుగా వందలకొలది గ్రుడ్లు పెట్టును. 3, 4 దినములలో పిల్లలు వెలువడి, తొలుత ఒకేచోట గుమిగూడి ఆకు పచ్చదనమును గీకి తినును. పెరిగిన కొలది ఒడలు ఎర్రబారి, పొడవైన వెండ్రుకలు మొలచి, చేనంతటను చెదరును. ఒక చేను ముగియగా బారులు తీరి ప్రక్కచేనికి నడచును. ఇంచుమించు నెలన్నరకు గట్ల వెంబడి, చెట్లనీడను మట్టిలో జానెడులోతు వఱకు దిగి, ప్యూపాగా మారి, మఱుసటి వానవఱకు నిద్రించును. పచ్చదనము కొద్దినెలలే యుండు మన మెట్టసీమకు తగిన బ్రదుకు ఇది!

గొంగళి యనగా ఉన్ని కంబళి. మన కన్నడ సోదరులు దీనిని కంబళి హుళ అందురు. భాషలు రెండయినను పోలిక ఒక్కటే. తెలుగు పాఠము చెప్పువారము గనుక ఈ మాట విడువలేకపోతిమి.

మేము అనంతపురము జిల్లాలో ఉపాధ్యాయశిక్షణ పొందునాడు ఒక చేను చూచితిమి. నాలుగాకుల మొలకలతో కన్నులపండువుగా నుండెను. వారము తిరుగులోపల కాడలు మాత్రమే మిగిలెను. ఆ రైతు అప్పుచేసి విత్తనములు కొన్నవాడు. మరల విత్తుటకు అదను దాటిపోయెను.

పెరిగిన పురుగునకు మందు అంతగా పనిచేయదు. కావున ముందుగానే మేల్కొనవలెను. వాన కురిసిన పిదప రాత్రి 7 గంటలనుండి 11 వఱకు చేలయందు మంటలు వేసినచో తల్లిపురుగులు వచ్చి పడును. గ్రుడ్లున్న ఆకులను, పిల్లలు గుమిగూడిన ఆకులను త్రుంచి నాశనము చేయుట చిన్నవారి చేతనైన పని. పెద్ద పురుగును పుల్లతోనే తీయవలెను. వెండ్రుకలు తగిలిన దురద పుట్టవచ్చును. చేని చుట్టును అడుగులోతు నిట్టనిలువు కాలువ త్రవ్విన, నడచివచ్చు పురుగులు అందు పడును. వేసవి దుక్కిలో పైకి వచ్చిన ప్యూపాలను కాకులు, గోరువంకలు ఏరుకొనును.

ఒక్కరు మంట వేసిన చాలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్ళారి మైసూరునకును పోయినవి గాని, ఆ గీతను ఈ పురుగు ఎఱుగదు. గట్టునకు అటు తెలుగువారు, ఇటు కన్నడిగులు ఒకే రాత్రి మంటలు వేయవలెను. ఆ మాట ప్రక్కచేనివారితో కన్నడమున చెప్పగలిగినవారు అనేక ఇండ్లలో మన పిల్లలే.

ఈ వేసవి దుక్కిలో ప్యూపా దొరికినవారు తడిమన్నుతో సీసాలో నుంచి, మూతకు పలుచని గుడ్డ కట్టి పాఠశాలకు తెండు. వానవచ్చువఱకు తరగతిలోనే కాచుకొని చూతము.