ఎండలో కనబడని వెలుగు – ఇంట్లో చేయదగిన మూడు ప్రయోగాలు



పట్టుచీరను ఎండలో ఆరేయవద్దని పెద్దవాళ్లు చెబుతారు. పట్టుపురుగులు పెంచే శిడ్లఘట్ట తాలూకా వాళ్లకు ఈ మాట కొత్త కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పట్టుదారంలోని ప్రొటీన్‌ను దెబ్బతీస్తాయి. దారం పసుపుబారి, బలం తగ్గుతుంది. మన చర్మంలోనూ, కంటి కటకంలోనూ ఉన్నవి ప్రొటీన్లే. చీరకు తీసుకునే జాగ్రత్త మనకూ అవసరమే గదా! జంగమకోటె పిల్లలకు ఈ పాఠాన్ని నేను ప్రయోగాలతోనే చెబుతాను.

ఈ కిరణాలు ఏమిటి?

ఇంద్రధనుస్సులో ఊదారంగుకు అవతల ఉండే వెలుగు ఇది. 1801లో జర్మన్ శాస్త్రవేత్త రిట్టర్ దీన్ని కనుగొన్నాడు. ఊదారంగు దాటిన చోట, ఏ వెలుగూ కనబడని చోట, వెండి లవణం ఇంకా త్వరగా నల్లబడటం ఆయన గమనించాడు.

వీటిలో ఎ, బి, సి అని మూడు రకాలు. సి రకాన్ని ఓజోన్ పొర, గాలి పూర్తిగా ఆపేస్తాయి. బి రకం కొద్దిగా నేలకు చేరి చర్మాన్ని కమిలిస్తుంది. విటమిన్ డి తయారయ్యేదీ దానివల్లే. ఎ రకం చర్మంలో లోతుకు పోయి ముడతలు తెస్తుంది.

ప్రయోగం 1: రంగు కాగితం

ముదురు రంగు చార్టు కాగితాన్ని మూడు భాగాలు చేయండి. ఒకదానిపై అట్ట, రెండోదానిపై పారదర్శక ప్లాస్టిక్ కాగితం, మూడోదానిపై సన్‌స్క్రీన్ పలుచగా పూసిన అదే ప్లాస్టిక్ కాగితం పెట్టి వారం రోజులు ఎండలో ఉంచండి. ఏది ఎంత వెలిసిందో పోల్చండి. మామూలు వెలుగు కూడా రంగును కొంత వెలిసేలా చేస్తుంది. అందుకే రెండో, మూడో భాగాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ప్రయోగం 2: నోట్లు చూసే లైటు

అంగళ్లలో దొంగనోట్లు పట్టే లైటును చీకటి గదిలో నోటుపై వేస్తే నంబరు మెరుస్తుంది. సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కా, క్వినైన్ ఉన్న టానిక్ వాటర్ నీలంగా వెలుగుతాయి. ఇప్పుడు లైటుకు అడ్డంగా మందపాటి బట్ట, గాజు, చలువ కళ్లద్దాలు ఒక్కొక్కటే పెట్టండి. ఏది వెలుగును ఆపింది? నల్లగా ఉన్న అద్దాలన్నీ రక్షించవు. పైగా నలుపు వెనక కంటిపాప పెద్దదై, కిరణాలు ఎక్కువగా లోపలికి పోతాయి. ఈ లైటును ఎవరి కళ్లలోనూ వేయకూడదు. పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

ప్రయోగం 3: నీడ

ఉదయం 8 నుండి సాయంత్రం 5 వరకు గంటకొకసారి మీ నీడను కొలవండి. నీడ మీకంటే పొట్టిగా ఉంటే కిరణాలు తీవ్రంగా ఉన్నట్లు. ఏప్రిల్ చివరి వారంలోనూ, ఆగస్టు మూడో వారంలోనూ ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారు కర్రకు నీడే ఉండదు.

చివరిగా ఒక మాట. మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఈ కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. గాలి చల్లగా ఉంది గదా అని మోసపోకండి. ఇవి వేడిగా తగలవు. ఏళ్ల తరబడి ఎండలో పనిచేసినవారికి కంటిలో పొర రావడానికి ఇవీ ఒక కారణం. నల్లని చర్మం కొంత కాపాడుతుంది, కంటిని కాపాడదు. మల్బరీ ఆకు కోతను పొద్దున్నే ముగించడం, తలకు తువ్వాలు లేదా అంచు వెడల్పు టోపీ, చేతులు కప్పే నేత బట్ట – ఇవి ఖర్చులేని రక్షణ.

విద్యార్థులారా, మీ కొలతలను పుస్తకంలో రాసి అమ్మానాన్నలకు చూపించండి. పొలానికి వెళ్లేది వాళ్లే గనుక ఈ పాఠం ముందుగా చేరవలసింది వాళ్లకే.